జోలె పట్టిన అక్బరు

మన క్లబ్బు నాటిక వేసి పది నెలలైంది. ఆ రోజు మేకప్ వేసిన పెద్దాయనకి ఇంకా 1,800 రూపాయలు బాకీ ఉన్నాం. ఈ సంగతి నాకు ఈ ఏడాది లెక్కలు చేతికొచ్చాకే తెలిసింది. లెక్కలంటే పుస్తకమేమీ లేదు. పోయినేడు నాటిక నడిపిన సీనియర్ అన్న తన ఫోన్లో రాసుకున్న నాలుగు లైన్లు, అంతే. సెట్టుకి అట్టలు, అద్దె డ్రస్సులు, ఆటో ఖర్చులు, రిహార్సల్ రోజుల సమోసాలు, అన్నీ ఆయన తన ఇంటర్న్‌షిప్ స్టైపెండులోంచి పెట్టుకున్నాడు. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆయన పాసై వెళ్ళిపోయాడు. క్లబ్బు దగ్గర సున్నా మిగిలింది. మేకప్ ఆయన బాకీ మిగిలింది.

ఈసారి మీటింగులో మొదటి ప్రశ్నే డబ్బు. ఫెస్టులో డీజే నైట్‌కి స్పాన్సర్లు దొరుకుతారు, తెలుగు నాటికకి దొరకరు. అప్పుడు ఒక జూనియర్ అమ్మాయి, నాటిక అయ్యాక ఆడిటోరియం గుమ్మం దగ్గర సంచి పట్టుకుని నిలబడదామంది. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బీటెక్ చదువుతూ జోలె పట్టడమేంటని ఒకడన్నాడు. ఆ అమ్మాయి తగ్గలేదు. పృథ్వీరాజ్ కపూర్ అంతటివాడే పట్టాడని చెప్పి కూర్చుంది.

మొఘలే ఆజమ్‌లో అక్బరు చక్రవర్తిగా వేసినాయన జోలె పట్టడమేంటని ఆ రాత్రి వెతకడం మొదలుపెట్టాను. వారం రోజులు చదివాక నా నవ్వు నాకే నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మన తరానికి ఆయన రణ్‌బీర్ కపూర్ ముత్తాత. అమ్మానాన్నల తరానికి రాజ్ కపూర్ తండ్రి. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి అక్బరు. కానీ ఆయన్ని ఆయన పనిలో చూడాలంటే మాత్రం నాటకాల మనిషిగా చూడాలి. సినిమా ఆయనకి జీతం ఇచ్చిన ఉద్యోగం. ఆ జీతం వెళ్ళింది నాటకానికి.

పృథ్వీరాజ్ 1906 నవంబరు 3న సముంద్రిలో పుట్టాడు. అది అప్పటి లాయల్‌పూర్ ప్రాంతం, ఇప్పుడు పాకిస్తాన్ పంజాబులో ఉంది. తండ్రి పోలీసు ఉద్యోగి. కుటుంబం పెషావరులో స్థిరపడింది. అక్కడి ఎడ్వర్డ్స్ కాలేజీలో డిగ్రీ చదివాడు, నాటకాలు ఆడాడు. తర్వాత లా చదవడానికి చేరాడు గానీ పూర్తి చేయలేదు. ఆ రోజుల్లో చాలామందిలాగే చిన్న వయసులోనే పెళ్ళయింది. భార్య రామ్‌సర్ని. 1924లో రాజ్ పుట్టాడు. 1928లో, అంటే 22 ఏళ్ళకి, ఇంట్లో భార్యాపిల్లల్ని ఉంచి, మేనత్త దగ్గర డబ్బు అప్పు తీసుకుని బొంబాయి రైలెక్కాడు. మనలో చాలామంది ఆ వయసుకి ప్లేస్‌మెంట్ ట్రైనింగులో ఉంటాం. ఆయన చదువుకున్న కుర్రాడు, లాయరయ్యే దారిలో ఉన్నవాడు. సినిమా అప్పటికి గౌరవమున్న పని కాదు. ఇంట్లో ఏం గొడవలు జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు.

బొంబాయిలో ఇంపీరియల్ ఫిలిం కంపెనీలో చేరాడు. మొదట గుంపులో నిలబడే వేషాలు. ఎత్తుగా, తెల్లగా, పఠాన్లా ఉండేవాడు కాబట్టి త్వరలోనే మూకీ సినిమాల్లో హీరో అయ్యాడు. 1931 మార్చి 14న మన దేశపు మొదటి టాకీ ఆలం ఆరా విడుదలైంది. అందులో పృథ్వీరాజ్‌కి ముఖ్యమైన వేషం ఉంది. అదే సినిమాలో ఒక చిన్న వేషం వేసింది మన ఎల్.వి. ప్రసాద్.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఎందుకంటే ఆలం ఆరాతో దేశంలో నాటకం ఆర్థిక పరిస్థితే మారిపోయింది. అంతవరకు ఊరూరా తిరిగే పార్శీ నాటక కంపెనీలకి టికెట్లు తెగేవి. పాట, మాట, పద్యం వినాలంటే జనం నాటకానికే రావాలి. మూకీ సినిమా ఎంత ఆడినా దానికి నోరు లేదు. నోరు రాగానే నాటకం చేతిలో ఉన్న పెద్ద బలం పోయింది. పార్శీ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, నాటకశాలలు సినిమా హాళ్ళయ్యాయి. మన దగ్గరా ఇదే కథ. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద. దాన్ని తీసిన హెచ్.ఎం. రెడ్డి కథ తీసుకున్నది ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం నుంచి, నటుల్ని తీసుకున్నది సురభి వాళ్ళ నుంచి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సమాజమది. అంటే సినిమా నాటకం దగ్గర కథా తీసుకుంది, మనుషుల్నీ తీసుకుంది, చివరికి ప్రేక్షకుల్నీ తీసుకుంది.

పృథ్వీరాజ్ ఈ రెంటి మధ్యలో నిలబడ్డాడు. టాకీ వచ్చిన కొత్తలోనే, అందరూ సినిమా వైపు పరిగెడుతుంటే, ఆయన గ్రాంట్ ఆండర్సన్ అనే ఇంగ్లీషాయన నడిపే షేక్‌స్పియర్ నాటకాల కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత కలకత్తా వెళ్ళి న్యూ థియేటర్స్ సినిమాల్లో పేరు తెచ్చుకున్నాడు. 1937లో విద్యాపతి వచ్చింది. మళ్ళీ బొంబాయి వచ్చాక 1941లో సోహ్రాబ్ మోదీ తీసిన సికందర్‌లో అలెగ్జాండరుగా వేశాడు. దాంతో దేశమంతా తెలిసిన స్టార్ అయ్యాడు. 35 ఏళ్ళు, చేతినిండా సినిమాలు, మంచి డబ్బు. హాయిగా గడిచిపోయే జీవితం.

1944లో ఆయన ఆ డబ్బు పెట్టి పృథ్వీ థియేటర్స్ మొదలుపెట్టాడు.

పేరులో థియేటర్స్ ఉంది గానీ సొంత హాలు లేదు. అది ఊరూరా తిరిగే నాటక సమాజం. పార్శీ కంపెనీలు చచ్చిపోయిన కాలంలో అలాంటిదే ఇంకోటి పెట్టడమంటే, స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఎస్టీడీ బూత్ పెట్టడం లాంటిది. ఐతే ఆయన పాత సరుకు అమ్మలేదు. పార్శీ నాటకాల్లోని మాయలు, మెరుపులు, అరుపులు వదిలేసి, ఆ రోజు పేపర్లో ఉన్న విషయాన్ని మామూలు హిందుస్తానీ మాటల్లో ఆడించాలనుకున్నాడు. కళ దేశసేవకే అన్నది ఆ సంస్థ పెట్టుకున్న ఆశయం.

మొదటి నాటకం కాళిదాసు శకుంతల. అనుకున్నంత ఆడలేదు. రెండోది 1945లో వచ్చిన దీవార్. అమితాబ్ సినిమా కాదు, దానికి 30 ఏళ్ళ ముందుది. కలిసి బతుకుతున్న అన్నదమ్ముల ఇంట్లోకి పరాయివాళ్ళు వస్తారు, మనసులు విరిచేస్తారు, చివరికి ఇంటి మధ్యలో గోడ లేస్తుంది. దేశాన్ని రెండుగా చీల్చాలా వద్దా అని ఊరంతా వాదించుకుంటున్న రోజుల్లో ఆ గోడ ఏమిటో ఎవరికీ వివరించాల్సిన పని లేదు. నాటకం చివర్లో ఆ గోడని కూలగొట్టేస్తారు. రెండేళ్ళ తర్వాత బయట లేచిన గోడని ఎవరూ కూల్చలేకపోయారు. ఆయన పుట్టిన ఊరు, పెరిగిన పెషావరు, రెండూ దానికి అవతలే ఉండిపోయాయి.

1947లో పఠాన్ వచ్చింది. హిందూ స్నేహితుడి కొడుకుని కాపాడటానికి తన కన్నకొడుకుని బలి ఇచ్చే ముస్లిం పఠాన్ కథ. మత కల్లోలాల రోజుల్లో ఆ కథని స్టేజీ ఎక్కించడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. తర్వాత గద్దార్, ఆహుతి, కళాకార్, పైసా, కిసాన్. మొత్తం ఎనిమిది నాటకాలు. ఆహుతి దేశ విభజనలో ఎత్తుకుపోబడి తిరిగొచ్చిన ఆడపిల్లని సొంతవాళ్ళే ఎలా చూశారన్న కథ. పైసా డబ్బు యావలో పడి ఇల్లు పోగొట్టుకున్న మనిషి కథ. డబ్బు కోసం ఏళ్ళ తరబడి తంటాలు పడిన సంస్థే ఆ నాటకం ఆడటం నాకు గమ్మత్తుగా అనిపించింది.

ఇప్పుడు లెక్కలకి వద్దాం. నాకు అసలు ఆసక్తి అక్కడే.

16 ఏళ్ళలో పృథ్వీ థియేటర్స్ 2,662 ప్రదర్శనలు ఇచ్చింది. కాలిక్యులేటర్ కొట్టి చూశాను. ఇంచుమించు రెండు రోజులకో ప్రదర్శన, 16 ఏళ్ళపాటు. ప్రతి దాంట్లో ముఖ్య పాత్ర పృథ్వీరాజే. నలభైల్లో, యాభైల్లో ఉన్న మనిషి, మధ్యలో సినిమా షూటింగులు కూడా చేస్తూ.

సమాజంలో ఉన్నవాళ్ళు నెల జీతాల మీద పనిచేశారు. వేషానికింత అని కాదు. నాట్యకారిణి జోహ్రా సెహగల్ 1945లో చేరినప్పుడు ఆమె జీతం నెలకి 400 రూపాయలు. ఆమె చెల్లెలు ఉజ్రా ముఖ్య పాత్రలు వేసేది. సంగీతం రామ్ గంగూలీది. ఆయన కింద వాయించిన ఇద్దరు కుర్రాళ్ళు తర్వాత శంకర్-జైకిషన్ అయ్యారు. ఆయన కొడుకులు ముగ్గురూ ఇందులో పనిచేశారు. షమ్మీ కపూర్ 50 రూపాయల జీతంతో మొదలుపెట్టి 1952లో వెళ్ళిపోయేనాటికి 300 అందుకున్నాడు. యజమాని కొడుకైనా మెట్టు మెట్టుగానే ఎక్కాలన్నమాట.

టూరు బయల్దేరితే 80 మంది దాకా మనుషులు, వాళ్ళతో సెట్లు, తెరలు, లైట్లు, డ్రస్సుల పెట్టెలు. నాలుగు నుంచి ఆరు నెలలు ఇంటికి దూరం. ఊరు మారినప్పుడల్లా రైలు ఛార్జీలు, సామాను కూలీ, బస, భోజనాలు, హాలు అద్దె, పైన వినోదపు పన్ను. నాటకం ఆడినా ఆడకపోయినా జీతాలు ఆగవు. బొంబాయిలో ఉన్నప్పుడు రాయల్ ఒపేరా హౌస్‌లో ఆడేవారు. పేరుకి ఒపేరా హౌసే గానీ అది అప్పటికే సినిమా హాలైపోయింది. అందుకని సినిమా ఆటలు మొదలయ్యేలోపు, పొద్దుటి పూట నాటకం ముగించాలి. నాటకం కోసం కట్టిన హాల్లో నాటకానికి దొరికింది సినిమాకి అక్కర్లేని టైము. మన ఆడిటోరియం కూడా మనకి ఎప్పుడు దొరుకుతుందో మీకు తెలుసు కదా. ఏ వర్క్‌షాపూ, ఏ ప్లేస్‌మెంట్ టాకూ లేని రోజు.

ఈ ఖర్చంతా టికెట్లతో వచ్చేది కాదు. హాలు నిండినా వచ్చేది కాదు. తేడాని పృథ్వీరాజ్ సినిమాల్లో సంపాదించి పూడ్చేవాడు. 1951లో ఆవారాలో జడ్జి వేషం వేశాడు, తీసింది సొంత కొడుకు. అలా పగలు కెమెరా ముందు సంపాదించింది స్టేజీ మీదికి పోయేది. సంస్థానాల రాజులు కూడా అప్పుడప్పుడూ ఆదుకునేవారు. ఐతే 1947 తర్వాత సంస్థానాలే లేవు, ఆ చేతులు కూడా మెల్లగా వెనక్కి వెళ్ళాయి.

ఇక జోలె. నాటకం అయిపోయాక, మేకప్ తుడుచుకోకముందే, పృథ్వీరాజ్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. తల వంచి, రెండు చేతులా జోలె చాపి. బయటికి వెళ్ళేవాళ్ళు తోచింది అందులో వేసేవారు. ఒక్క మాట అడిగేవాడు కాదు. నేను మొదట అది సమాజం నష్టాలు పూడ్చుకోవడానికే అనుకున్నాను. కాదు. ఆ డబ్బు ఆపదలో పడ్డవాళ్ళ సహాయానికి, కష్టంలో ఉన్న కళాకారుల సంక్షేమానికి వెళ్ళేది. తన నష్టాన్ని తన జేబులోంచి భరించాడు. పరాయివాళ్ళ కష్టం కోసం మాత్రం పరాయివాళ్ళ ముందు చెయ్యి చాపాడు.

ఈ తేడా నన్ను చాలాసేపు పట్టుకుంది. మనం సాధారణంగా దీనికి తిరగేసి చేస్తాం. మన ఖర్చులకి చందా అడగడానికి మొహమాటపడం. ఎదుటివాడి బాకీ కోసం అడగాలంటే మాత్రం నామోషీ.

1952లో పృథ్వీరాజ్‌ని రాజ్యసభకి నామినేట్ చేశారు. 1960 దాకా సభ్యుడిగా ఉన్నాడు. అప్పటికి కళల రంగం మారడం మొదలైంది. రాజులు పోయారు, ఆ స్థానంలోకి ప్రభుత్వం వస్తోంది. 1953లో సంగీత నాటక అకాడమీ మొదలైంది, 1954లో ఆయనకి దాని ఫెలోషిప్ వచ్చింది. ఆయన మాత్రం ఢిల్లీలో నాటకాల వాళ్ళ రోజువారీ కష్టాలే ఎత్తేవాడు. తిరిగే సమాజానికి అన్నిటికంటే పెద్ద బరువు రైలు ఛార్జీ. నాటక బృందాలకి రైల్లో రాయితీ రావడం వెనక ఆయన పట్టుదల ఉందని నాటకాల వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకిది అవార్డు కన్నా పెద్ద పనిగా కనిపించింది. అవార్డు ఒక్కరికి, రాయితీ రైలెక్కే ప్రతి నటుడికి.

ఇంతా చేసి 1960లో పృథ్వీ థియేటర్స్ మూతపడింది.

ఎందుకని అడిగితే మామూలుగా వచ్చే జవాబు సినిమా మింగేసిందని. అది సగం నిజం. మిగతా సగం మన సబ్జెక్టుకి దగ్గరిది. సినిమా ఒకసారి తీస్తే వంద ప్రింట్లు వేసి వంద ఊళ్ళలో ఒకే రోజు ఆడించొచ్చు. నాటకానికి కాపీ ఉండదు. కాళిదాసు కాలంలో శకుంతల ఆడటానికి ఎంతమంది ఎన్ని గంటలు పనిచేయాలో, ఇప్పుడూ ఇంచుమించు అంతమంది అన్ని గంటలు పనిచేయాలి. ఫ్యాక్టరీలో కొత్త మిషను వస్తే ఉత్పత్తి పెరుగుతుంది, జీతాలూ పెరుగుతాయి. స్టేజీ మీద ఉత్పత్తి పెరగదు, కానీ బయటి జీతాలకి తగ్గట్టు నటుడి జీతం మాత్రం పెరగాల్సిందే, లేకపోతే అతను వెళ్ళిపోతాడు. విలియం బౌమల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లో ఈ సంగతి మీదే పెద్ద పుస్తకం రాశారు. వాళ్ళ లెక్క ప్రకారం ఆదాయానికీ ఖర్చుకీ మధ్య ఖాళీ నాటకం నడిపేవాళ్ళ చేతకానితనం వల్ల వచ్చేది కాదు. ఆ పని స్వభావంలోనే ఉంది. ఎవరో ఒకరు ఆ ఖాళీ పూడ్చాలి. పృథ్వీరాజ్‌కి ఆ పుస్తకం అక్కర్లేదు, ఆయన 16 ఏళ్ళు దాన్ని అనుభవించాడు. మంచి నటులు, టెక్నీషియన్లు తయారవగానే సినిమాల్లోకి వెళ్ళిపోయేవారు. ఆయన కొడుకులు కూడా వెళ్ళారు. ఎవర్నీ తప్పు పట్టలేం.

ఇంకో కారణం ఉంది. అది ఒప్పుకోవడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది, ఎందుకంటే ఆయనంటే ఇప్పుడు ఇష్టం. సంస్థ మొత్తం ఒక్క మనిషి మీద నిలబడింది. ముఖ్య పాత్ర ఆయనదే, నిర్ణయం ఆయనదే, డబ్బు ఆయనదే, గుమ్మం దగ్గర వంగిన తల కూడా ఆయనదే. 2,662 సార్లు ఆయన బదులు ఇంకొకడు నిలబడే ఏర్పాటు జరగలేదు. 1957లో పైసా నాటకాన్ని సినిమాగా తీస్తున్న రోజుల్లో ఆయన గొంతు దెబ్బతింది. అంత గంభీరమైన గొంతు మళ్ళీ మునుపటిలా రాలేదు. నటుడి గొంతు పోతే నటుడికి కష్టం. ఇక్కడ నటుడి గొంతు పోయేసరికి 80 మంది జీతాలకే గండం వచ్చింది. ఇంకో మూడేళ్ళు లాక్కొచ్చి ఆపేశాడు.

అదే 1960 ఆగస్టులో మొఘలే ఆజమ్ విడుదలైంది. దేశమంతా హాళ్ళ ముందు క్యూలు కట్టింది. సొంత సమాజం మూసుకున్న ఏడాదే ఆయన సినిమా తెర మీద హిందుస్తాన్ చక్రవర్తి అయ్యాడు. జనానికి గుర్తుండిపోయింది ఆ కిరీటమే.

ఆ తర్వాత ఆయన సినిమాలు చేస్తూ గడిపాడు. జుహూలో సముద్రానికి దగ్గర్లో చిన్న ఇల్లు, దాన్ని గుడిసె అనే పిలుచుకునేవారు. 1962లో అక్కడే కొంత స్థలం లీజుకి తీసుకున్నాడు. సమాజం మూసేసిన రెండేళ్ళకి! ఎప్పటికైనా నాటకానికి సొంత చోటు ఉండాలని ఆయన కోరిక. అది కట్టేదాకా ఉండలేదు. 1972 మే 29న కేన్సర్‌తో పోయాడు. రెండు వారాలకి రామ్‌సర్ని కూడా పోయింది. 1971 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయన పోయాక ఇచ్చారు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే నేను దీన్ని రాసేవాణ్ణి కాదేమో. దాతృత్వం, త్యాగం, చివర్లో ఓటమి, అలాంటి కథలు మనకి చాలా ఉన్నాయి. మూడో కొడుకు శశి కపూర్, అతని భార్య జెన్నిఫర్ కెండల్ తర్వాత చేసింది చూడండి. జెన్నిఫర్ కూడా అలాంటి ఇంటి పిల్లే. ఆమె తండ్రి జెఫ్రీ కెండల్ మన దేశంలో షేక్‌స్పియర్ నాటకాలు ఆడుతూ ఊరూరా తిరిగిన సమాజం నడిపాడు, అదీ ఇలాగే సన్నగిల్లింది. తిరిగే సమాజం ఎలా కుంగుతుందో ఇద్దరూ ఇంట్లోనే చూశారు. అందుకని వాళ్ళు పాత సమాజాన్ని లేపలేదు. 1975లో పృథ్వీరాజ్ పేరు మీద ఒక ట్రస్టు పెట్టారు. ఆయన లీజుకి తీసుకున్న ఆ స్థలంలోనే వేద్ సేగన్ అనే ఆర్కిటెక్టు చేత 200 సీట్ల చిన్న హాలు కట్టించారు. 1978 నవంబరు 5న అది తెరుచుకుంది. అదే ఇప్పటి పృథ్వీ థియేటర్.

తేడా గమనించండి. తండ్రి 80 మందికి జీతాలిచ్చి నాటకాలు తయారుచేశాడు. కొడుకూ కోడలూ నాటకాలు తయారుచేసే వాళ్ళందరికీ తక్కువ అద్దెకి చోటు తయారుచేశారు. ఆ చోటు ఒక నటుడి గొంతు మీద ఆధారపడదు. 1984లో జెన్నిఫర్ పోయింది, 2017లో శశి పోయాడు, హాల్లో నాటకం ఆగలేదు. సినిమా డబ్బు ఇక్కడా ఉంది, శశి సినిమాల్లో సంపాదించిందే పెట్టాడు. కానీ ఈసారి అది ప్రతి రాత్రీ ఖర్చైపోలేదు. ఒక గోడగా, కప్పుగా, ట్రస్టు కాగితంగా నిలబడింది. దీవార్ నాటకంలో రోజూ గోడ కూల్చిన మనిషికి చివరికి గోడలే గుర్తుగా మిగిలాయి.

ఇంక మన సంగతి.

మన సీనియర్ అన్నని ఇప్పుడు నేను వేరేగా చూస్తున్నాను. స్టైపెండు మొత్తం నాటికలో పెట్టినందుకు దండం పెట్టొచ్చు. కానీ అది ఎక్కడా రాయకపోవడం, ఎవర్నీ భాగం పంచుకోనివ్వకపోవడం, ఆ మంచితనంలోనే ఉన్న లోటు. మంచివాడు వెళ్ళిపోతే ఖాళీ అవుతున్నామంటే, మనం అతని మంచితనం మీద బతికామే గానీ క్లబ్బు కట్టుకోలేదు.

అందుకని ఈసారి మూడు పనులు అనుకున్నాం. ఒకటి, లెక్కలకి నిజమైన పుస్తకం, అందులో ఇద్దరి సంతకాలు, ఒకరు ఫైనల్ ఇయరైతే ఇంకొకరు తప్పకుండా సెకండియర్. రెండు, నాటికకి 30 రూపాయల టికెట్, మన ఖర్చు మన టికెట్లోంచే రావాలి, రాకపోతే సెట్టు చిన్నది చేసుకోవాలి, ఎవరి స్టైపెండూ ముట్టుకోకూడదు. మూడు, నాటిక అయ్యాక గుమ్మం దగ్గర సంచి. ఆ సంచిలో డబ్బు మనది కాదు. మేకప్ వేసేవాళ్ళకి, లైట్లు మోసేవాళ్ళకి, హార్మోనియం తాతకి. మొదటి 1,800 పోయినేటి బాకీకి.

సంచి పట్టుకోవడానికి ఎవరు నిలబడతారని అడిగితే గది మళ్ళీ నిశ్శబ్దం. మొదట నవ్విన వాళ్ళలో నేనొకణ్ణి కాబట్టి నా పేరే రాసుకున్నాను. రెండో పేరు ఆ జూనియర్ది.

మొన్న మేకప్ ఆయనకి ఫోన్ చేశాను. ఈ ఏడాది కూడా వస్తానన్నాడు. నాటిక ఏదో, పాత్రలెన్నో, గడ్డాలెన్ని కావాలో అడిగి రాసుకున్నాడు. బాకీ సంగతి ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తాను.